ఫ్రిజ్‌లోనూ పెరిగే లిస్టీరియా, కడుపులోని బిడ్డ

గర్భిణి బాగా పండిన బొప్పాయి ముక్క నోట్లో పెట్టుకోబోతే చాలు, ఇంటిల్లిపాదీ అడ్డం పడతారు. అదే గర్భిణి మొన్నటి చికెన్ కూరను ఫ్రిజ్‌లోంచి తీసి, వేడి చేసే ఓపిక లేక అలాగే అన్నంలో కలుపుకుంటే ఎవరూ కిమ్మనరు. నన్నడిగితే అడ్డం పడాల్సింది ఇక్కడ.

కారణం లిస్టీరియా మోనోసైటోజీన్స్ అనే బ్యాక్టీరియా. మట్టిలో, పేడలో, మురుగునీటిలో అది మామూలుగానే ఉంటుంది. 1926లో కేంబ్రిడ్జిలో ల్యాబ్ కుందేళ్లు చచ్చిపోతుంటే ఎందుకా అని వెతికినవాళ్లకు మొదట దొరికింది. చాలా బ్యాక్టీరియాలు ఫ్రిజ్‌లోకి వెళ్తే పెరగడం దాదాపు మానేస్తాయి. ఇది మాత్రం 4 డిగ్రీల చలిలో కూడా మెల్లగా పెరుగుతూనే ఉంటుంది, పైగా ఆ తిండికి వాసన మారదు, రుచి మారదు, మనకు అనుమానమే రాదు.

దక్షిణాఫ్రికాలో 2017లో ఇదే జరిగింది. పుట్టిన కొద్ది రోజులకే పసిపిల్లలు లిస్టీరియాతో ఆసుపత్రులకు వస్తున్నారని జొహానెస్‌బర్గ్ వైపు డాక్టర్లు ముందుగా గమనించారు, కానీ ఏ తిండి నుంచి వస్తోందో నెలల తరబడి అంతుపట్టలేదు. చివరికి 2018 జనవరిలో సొవెటోలోని ఒక క్రెష్ పిల్లలకు వాంతులు విరేచనాలు అయితే, అధికారులు వెళ్లి అక్కడి ఫ్రిజ్ తెరిచి అందులో ఉన్నవి పరీక్షకు పంపారు. పోలనీలో దొరికింది. పోలనీ అంటే అక్కడ పేదా గొప్పా అందరూ బ్రెడ్డులో పెట్టుకుని, వేడి చేయకుండా తినే మాంసం ముద్ద. ఫ్యాక్టరీలో ఉడికించే చేస్తారు, కానీ ఉడికిన తర్వాత మళ్లీ బ్యాక్టీరియా అంటుకుంటే ఇక తినేవాళ్ల దగ్గర దాన్ని చంపే మంటే లేదు. మొత్తం 1,060 కేసులు, 200 మందికి పైగా మరణాలు. రోగుల్లో సగం దాకా గర్భిణులు, పసికందులే.

వాళ్లే ఎందుకు? బిడ్డను పరాయి వస్తువుగా చూసి తోసేయకుండా ఉండాలని తల్లి రోగనిరోధక శక్తి ఆ తొమ్మిది నెలలూ కొంత తగ్గి ఉంటుంది. ఇక లిస్టీరియా పేగు గోడ దాటి రక్తంలో కలిసి, కణాల లోపలికి దూరిపోతుంది. అక్కడ ఆ కణంలోని ప్రోటీన్‌తోనే తనకో తోక కట్టుకుని, తారాజువ్వలా పక్క కణంలోకి దూసుకుపోతుంది. బయటకే రాకపోతే రక్తంలో తిరిగే యాంటీబాడీలు దాన్నేం చేయగలవు? అలా మాయ దాకా, మాయ దాటి బిడ్డ దాకా చేరుతుంది. గర్భస్రావం, నెలలు నిండకుండా కాన్పు, కడుపులోనే బిడ్డ చనిపోవడం, ఏదైనా కావచ్చు. తల్లికేమో కాస్త జ్వరం, ఒళ్లు నొప్పులు, అంతే.

మన వంటింట్లో పాలు పొంగు వచ్చేదాకా కాచడం, కూరలు బాగా ఉడికించడం ఉన్నాయి కాబట్టి సగం టెన్షన్ తగ్గినట్టే, వేడికి ఇది నిలవదు. మిగిలిన కూరను గోరువెచ్చగా కాకుండా పొగలు వచ్చేదాకా మరిగించండి, కోసి అమ్మే పండ్ల ముక్కలు వద్దు. అమెరికాలో ఉన్న మన అమ్మాయిలు ఇంకాస్త చూసుకోవాలి: శాండ్‌విచ్‌లో పెట్టే చల్లటి మాంసం, మెత్తటి చీజ్ అక్కడ మామూలే. 1985లో లాస్ ఏంజెలస్‌లో అలాంటి చీజ్ వల్లే 142 మందికి సోకితే, అందులో 93 కేసులు తల్లీబిడ్డలవే.

అలాగని గర్భం పోయిన ప్రతి అమ్మాయినీ "ఏం తిన్నావు?" అని నిలదీయకండి. తొలి నెలల్లో పోయే గర్భాల్లో సుమారు సగం క్రోమోజోముల తేడాల వల్లే పోతాయి. లిస్టీరియా అరుదు.

అరుదే అయినా గర్భిణికి జ్వరం వస్తే మాత్రం మెడికల్ షాపు వైద్యం వద్దు. తిన్న రెండు నెలల తర్వాత కూడా ఇది బయటపడవచ్చు కాబట్టి, నిన్న ఏం తిన్నామో గుర్తు చేసుకుంటే సరిపోదు, రక్తం కల్చర్ పరీక్ష చేస్తేనే తేలుతుంది. తేలితే ఆంపిసిలిన్ ఇంజెక్షన్లతో బిడ్డను కాపాడే అవకాశం ఉంది. షాపులో అడగ్గానే ఇచ్చే సెఫిక్సిమ్, ఆ కుటుంబంలోని మిగతా మందులు లిస్టీరియా మీద పనిచేయవు.