స్కాన్ చేసిన సంతకాన్ని శుభ్రం చేయడం: అపోహలు - వాస్తవాలు

ప్రశంసాపత్రాలు, లెటర్‌హెడ్లు, ఆహ్వానపత్రాలు చేసే డీటీపీ వాళ్లకు సంతకం శుభ్రం చేయడం రోజూ ఉండే పనే. ఇందులో తీసేయాల్సింది కాగితాన్ని, సిరా జోలికి వెళ్లకూడదు. అది మరిచిపోతేనే చిక్కులు.

అపోహ: ఫొటోషాప్‌లో ఒకే రంగు భాగాన్ని ఎంచుకునే మ్యాజిక్ వాండ్‌తో తెలుపును ఎంచుకుని డిలీట్ కొడితే చాలు.

వాస్తవం: 400 శాతానికి పెంచి చూడండి. గీత అంచున సిరా ఒక్కసారిగా ఆగదు. ముదురు నీలం, లేత నీలం, బూడిద, ఆ తర్వాత తెలుపు. వాండ్ ఆ మధ్య రంగుల్లో కొన్నిటిని తీసి కొన్నిటిని వదిలేస్తుంది. అందుకే రంగు కాగితం మీద పెట్టగానే సంతకం చుట్టూ తెల్లటి అంచు, సున్నాల లోపల తెల్ల మచ్చలు బయటపడతాయి. నేనైతే దేన్నీ కత్తిరించను. వెలుగునీడలు సరిచేసే లెవెల్స్‌లో కుడి చివరి స్లైడర్‌ను కాగితం పూర్తిగా తెల్లబడే వరకు ఎడమకు జరిపి, ఆ లేయర్‌ను మల్టిప్లై (కింది రంగుతో కలిసిపోయే) బ్లెండ్ మోడ్‌లో పెడతాను. తెలుపు తనంతట తానే మాయమవుతుంది. పారదర్శకమైన ఫైలే కావాలంటే ఉచితంగా దొరికే జింప్ సాఫ్ట్‌వేర్‌లో ‘కలర్ టు ఆల్ఫా’ వాడండి. ప్రతి పిక్సెల్‌లో తెలుపు ఎంత ఉంటే అంతే తీస్తుంది కాబట్టి అంచులు మెత్తగా నిలుస్తాయి. దాన్ని పీఎన్‌జీగా భద్రపరచాలి. జేపీజీలో పారదర్శకత ఉండదు.

అపోహ: స్కానర్‌ను నలుపు-తెలుపు మోడ్‌లో పెడితే శుభ్రంగా వస్తుంది.

వాస్తవం: అక్కడ ప్రతి పిక్సెల్ నలుపో తెలుపో అయి తీరాలి. అంచులు మెట్లు మెట్లుగా తేలతాయి, కలం తేలికగా తాకిన చోట గీత తెగుతుంది. రంగులోనే, 600 డీపీఐలో (అంగుళానికి 600 చుక్కలు) తీయండి. 5 సెంటీమీటర్ల సంతకం దాదాపు 1,180 పిక్సెళ్ల వెడల్పు వస్తుంది. వెనక పేజీ అక్షరాలు కనిపిస్తుంటే కాగితం వెనక నల్లని అట్ట పెట్టండి.

అపోహ: గీతల కాగితం మీద చేసిన సంతకం పనికిరాదు.

వాస్తవం: చాలాసార్లు పనికొస్తుంది. నీలి సిరా సంతకానికి ఎర్ర మార్జిన్ గీత అడ్డొచ్చిందనుకోండి. ఫొటోషాప్ ఛానళ్లలో (బొమ్మలోని ఎరుపు, ఆకుపచ్చ, నీలం పాళ్లను విడివిడిగా చూపే చోట) రెడ్ ఒక్కటే చూస్తే ఎర్ర గీత తెల్లబడి దాదాపు కనిపించదు, నీలి సిరా మాత్రం నల్లగా నిలుస్తుంది. నల్ల సిరా, లేత నీలి గీతలైతే బ్లూ ఛానల్ చూడాలి. నీలి సంతకం మీద ఊదా రంగు రబ్బరు ముద్ర పడితే మాత్రం ఛానళ్లూ చేతులెత్తేస్తాయి. గంటసేపు ఎరేజర్‌తో చెరిపే బదులు, మొహమాటపడకుండా ఇంకో సంతకం అడగండి.

అపోహ: వణికిన గీతను కాస్త సరిచేస్తే సంతకం అందంగా ఉంటుంది.

వాస్తవం: అది శుభ్రం చేయడం కాదు, వేరొకరి సంతకం మీరు గీయడం. దుమ్ము చుక్కలు తీయండి, అంతవరకే. ఇది దుమ్ము చుక్కా, పొల్లా అని అనుమానం వస్తే సంతకం చేసినవారినే అడగండి.

అపోహ: ఉద్యోగ దరఖాస్తుకూ ఇంత హంగామా కావాలి.

వాస్తవం: అక్కర్లేదు. బ్యాంకు ఉద్యోగ పరీక్షలు పెట్టే ఐబీపీఎస్ అడిగేది తెల్ల కాగితం మీద నల్ల సిరా సంతకం, 140×60 పిక్సెళ్లు, 10 నుంచి 20 కేబీ. అన్నీ ఇంగ్లిష్ పెద్ద బడి (క్యాపిటల్) అక్షరాల్లో రాస్తే ఒప్పుకోరు. ఆ చిన్న ఫైలును తర్వాత సర్టిఫికెట్ మీద వేయమంటే ఎంత పెంచినా మసకే. అసలు స్కాన్ దాచుకోండి.

అపోహ: ఈ పీఎన్‌జీయే డిజిటల్ సంతకం.

వాస్తవం: 2000 నాటి ఐటీ చట్టం చెప్పే డిజిటల్ సంతకం గూఢలిపి కీలతో పనిచేస్తుంది. సంతకం తర్వాత పత్రంలో ఒక్క అక్షరం మారినా తనిఖీలో దొరికిపోతుంది. మన పీఎన్‌జీకి ఆ కాపలా లేదు. ఎవరి చేతికి చిక్కితే వారు ఏ కాగితం మీదైనా అతికించవచ్చు, పీడీఎఫ్‌లో పెట్టినా బయటకు లాగవచ్చు. కాబట్టి ఈమెయిల్‌లో వెళ్లే ప్రతిలో సంతకాన్ని 100 డీపీఐకి తగ్గించి పత్రంతో కలిపి ఒకే బొమ్మగా చేయండి. 600 డీపీఐ ఫైలు సంతకం గలవారికి ఇచ్చాక షాపు కంప్యూటర్‌లో ఉంచకండి.