వలస కార్మికుల పట్ల దురభిప్రాయాలు: అపోహలు – వాస్తవాలు

నేను హనుమకొండలో సామాజిక మనస్తత్వ శాస్త్రం బోధిస్తాను. ఒడిశాలోని బలంగీర్, నువాపడా జిల్లాల నుంచి పెద్దపల్లి ఇటుక బట్టీలకూ, బీహార్ నుంచి కరీంనగర్ రైస్ మిల్లులకూ వచ్చే కూలీల గురించి చదువుకున్నవారు సైతం తరచుగా అనే మాటల్లో మూడింటిని ఇక్కడ పరిశీలిస్తున్నాను.

అపోహ: బయటివాళ్ళు వచ్చాకే నేరాలు పెరిగాయి, కళ్ళారా చూస్తూనే ఉన్నాం.

వాస్తవం: కళ్ళు చూసినదాన్ని మనసు సమంగా లెక్కకట్టదు. 1976లో హామిల్టన్, గిఫర్డ్ అనే పరిశోధకులు రెండు ఊహాజనిత బృందాల గురించి 39 వాక్యాలు చదివించారు. పెద్ద బృందానికి 18 మంచి పనులు, 8 చెడ్డ పనులు. చిన్న బృందానికి 9 మంచివి, 4 చెడ్డవి. నిష్పత్తి ఒక్కటే అయినా, చదివినవారు చెడ్డ పనులను చిన్న బృందానికే ఎక్కువగా అంటగట్టారు. అరుదుగా కనిపించే మనుషులు అరుదైన పనితో కలిసి కనిపిస్తే ఆ రెండూ జంటగా జ్ఞాపకంలో నిలిచిపోతాయి. 2018లో పిల్లలను ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయని వాట్సాప్‌లో వదంతులు పాకినప్పుడు తెలంగాణలో ముక్కూమొహం తెలియనివారిపై దాడులు జరిగాయి. అనుమానానికి ఆధారం కొత్త ముఖం కావడమే.

అపోహ: గల్ఫ్‌లో వలస కూలీలుగా కష్టాలు పడివచ్చిన ఇళ్ళలో బయటివారిపై ఈ దురభిప్రాయం ఉండదు.

వాస్తవం: ఉండవచ్చు. సామాజిక మనస్తత్వవేత్త టాజ్‌ఫెల్ బృందం 1971లో ప్రకటించిన ప్రయోగాల్లో, ఏ చిత్రకారుడి బొమ్మలు నచ్చాయన్న సాకుతో విడదీసిన బడి పిల్లలు సైతం తమ జట్టువైపే మొగ్గి డబ్బు పంచారు. పక్షపాతానికి అంత చిన్న సాకే చాలినప్పుడు, తాము పరాయివారిగా పడ్డ కష్టాలు గుర్తున్నా ‘మనవాళ్ళు’ అన్న మొగ్గు పోకపోవచ్చు.

అపోహ: ఒకేచోట పనిచేస్తుంటే దురభిప్రాయం దానంతటదే పోతుంది.

వాస్తవం: ఇది సగం నిజం, నన్ను ఎక్కువగా కలవరపెట్టేదీ ఇదే. పరిచయం బాగా పనిచేయాలంటే సమాన హోదా, ఉమ్మడి లక్ష్యం, పరస్పర సహకారం, అధికారుల మద్దతు ఉండాలని మనస్తత్వవేత్త ఆల్‌పోర్ట్ 1954లోనే చెప్పారు. పెటిగ్రూ, ట్రాప్ అనే పరిశోధకులు 2006లో 515 అధ్యయనాలను కలిపి చూసినప్పుడు, పరిచయం సాధారణంగా దురభిప్రాయాన్ని తగ్గిస్తుందనీ, ఈ షరతులు తోడైతే ఫలితం ఇంకా బలంగా ఉంటుందనీ తేలింది. అడ్వాన్సుకు కట్టుబడి పనిచేసే కూలీకీ, ఆజ్ఞలిచ్చే యజమానికీ నడుమ ఈ నాలుగింటిలో ఏది ఉంది? అక్కడ రోజూ జరిగే ముఖాముఖి పాత అభిప్రాయాన్నే గట్టిపరచవచ్చు.

బడిలో మాత్రం ఆ షరతులను మనం కల్పించగలం. అమెరికాలోని ఆస్టిన్‌లో నల్ల, తెల్ల పిల్లలను ఒకే తరగతుల్లోకి చేర్చిన రోజుల్లో, 1971లో, మనస్తత్వవేత్త ఆరన్‌సన్ బృందం పాఠాన్ని ముక్కలుగా విడదీసి ఒక్కో పిల్లవాడికి ఒక్కో ముక్క అప్పగించింది; తోటివాడు చెప్పేది వినకపోతే ఎవరికీ పాఠం పూర్తికాదు. బట్టీ కార్మికుల పిల్లలు చేరిన మన ప్రభుత్వ పాఠశాలల్లో ఈ పద్ధతికి ఖర్చు దాదాపు ఉండదు, కాకపోతే ఒడియా మాట్లాడే బిడ్డ తన ముక్కను వివరించడానికి బొమ్మలూ, రెండు భాషలూ తెలిసిన సహాయకులూ కావాలి.