నిద్ర కోసుకుని మారథాన్‌కి సిద్ధం కాలేరు: సైడ్ బిజినెస్ నడిపే రన్నర్ల అపోహలు, వాస్తవాలు

నా దగ్గర మారథాన్ ట్రైనింగ్‌కి వచ్చేవాళ్లలో చాలామందికి పగలు ఉద్యోగం, సాయంత్రం నుంచి సొంత వ్యాపారం. ఒకరు ఆన్‌లైన్‌లో బట్టలు అమ్ముతారు, ఒకరు వెబ్‌సైట్లు చేసిపెడతారు, ఇంకొకరు వారాంతాల్లో ఫొటో షూట్లకి వెళ్తారు. మొదటి రోజు టైమ్ గురించి అడిగితే అందరిదీ ఒకటే మాట: "టైమ్ సంగతి నాకు వదిలేయండి సార్, నాలుగింటికే లేచేస్తాను." మరి పడుకునేది ఎన్నింటికి అంటే మాత్రం వెంటనే జవాబు రాదు. "ప్యాకింగ్ అయ్యేసరికి పన్నెండు, ఒక్కోసారి ఒంటిగంట..." అని నసుగుతారు.

వీళ్లెవరూ బద్ధకస్తులు కారు. బద్ధకస్తుల్ని కదిలించడం నాకు తేలికే, వీళ్లని ఆపడమే కష్టం. అందుకే ఈ పోస్టులో సగానికి పైగా నిద్ర గురించే ఉంటుంది. మిగతా అపోహలు చివర్లో గబగబా చెప్పేస్తాను. వాటివల్ల జరిగే నష్టం దీంతో పోలిస్తే చాలా తక్కువ.

అపోహ: నిద్రలోంచి రెండు గంటలు తీస్తే ఉద్యోగం, బిజినెస్, మారథాన్ మూడూ కుదురుతాయి

కుదరవు. కొన్ని వారాలు కుదిరినట్టు కనిపిస్తాయి, అంతే.

పరుగెత్తినంతసేపూ కండరాలకి, టెండన్లకి (కండరాన్ని ఎముకకి పట్టి ఉంచే తాళ్లలాంటివి), ఎముకలకి చిన్నచిన్న దెబ్బలు తగులుతూనే ఉంటాయి. అవి మానిపోయి ముందుకన్నా గట్టిపడేది పరుగు ఆపిన తర్వాతే. గ్రోత్ హార్మోన్ పెద్ద మోతాదులో విడుదలయ్యేది గాఢనిద్రలో. అంటే మీ యాప్‌లో 16 కిలోమీటర్లని పడ్డా, ఆ లాభం ఒంటికి పట్టాలంటే రాత్రి సరిగ్గా పడుకోవాలి. పెద్దవాళ్లు రాత్రికి కనీసం 7 గంటలు నిద్రపోవాలని అమెరికాలోని స్లీప్ మెడిసిన్ అకాడమీ, స్లీప్ రీసెర్చ్ సొసైటీ కలిసి 2015లో సిఫారసు చేశాయి. అది మామూలు మనుషులకి చెప్పిన మాట. వారానికి యాభై కిలోమీటర్లు పరుగెత్తే మనిషి అంతకన్నా తక్కువతో సరిపెట్టుకోవాలని చూడటంలో అర్థం లేదు.

ఇక్కడ నాకు రెడీగా ఒక జవాబు వస్తుంది: "నాకు అలవాటైపోయింది సార్, ఏమీ తేడా తెలియట్లేదు."

తెలియదు. అదే ప్రమాదం. 2003లో పెన్సిల్వేనియా యూనివర్సిటీ పరిశోధకులు ఆరోగ్యంగా ఉన్నవాళ్లని గుంపులుగా చేసి, రాత్రికి 4, 6, 8 గంటల చొప్పున 14 రోజులు నిద్రపోనిచ్చి పరీక్షించారు. ఆరు గంటలు, అంతకన్నా తక్కువ పడుకున్నవాళ్ల ఏకాగ్రత రెండు వారాలు గడిచేసరికి ఒకటి రెండు రాత్రులు అసలే నిద్రపోని మనిషి స్థాయికి పడిపోయింది. అయినా వాళ్లని అడిగితే, కొంచెం నిద్రమత్తుగా ఉందన్నారే తప్ప, పనితీరు ఇంతగా దిగజారిందని వాళ్లకే తెలియలేదు. అందుకే ఎవరైనా "నాకు బానే ఉంది" అంటే నేను ఆ మాటని లెక్కలోకి తీసుకోను. పొద్దున లేవగానే గుండె రేటు ఎంతుందో, ఈజీ రన్‌లో (మెల్లగా చేసే పరుగులో) మామూలు పేస్‌కి, అంటే మామూలు వేగానికి, హార్ట్ రేట్ ఎంత పెరిగిందో అడుగుతాను. చిరాకు ఎక్కువైందా అని వీలైతే ఇంట్లోవాళ్లని అడుగుతాను. ఆ జవాబు మాత్రం ఎప్పుడూ తడుముకోకుండా వస్తుంది.

గాయాల సంగతీ ఇంతే. టీనేజ్ అథ్లెట్ల మీద 2014లో వచ్చిన ఒక అధ్యయనంలో, 8 గంటలకన్నా తక్కువ నిద్రపోయేవాళ్లకి గాయమయ్యే అవకాశం మిగతావాళ్లకన్నా 1.7 రెట్లు ఉన్నట్టు తేలింది. పిల్లల లెక్కని పెద్దలకి అలాగే అంటించలేం, నిజమే. కానీ నా బ్యాచ్‌ల్లో షిన్ (మోకాలి కింద కాలి ముందు భాగం) నొప్పి, అకిలీస్ (మడమ వెనక టెండన్) నొప్పి అంటూ వచ్చేవాళ్ల నిద్ర వివరాలు చూస్తే నాకు ఆశ్చర్యమేమీ కలగదు.

ఒకావిడ విషయం చెప్తాను. పగలు అకౌంట్స్ ఉద్యోగం, రాత్రి చేత్తో చేసిన నగల వ్యాపారం. మొదటి మారథాన్‌కి పేరిచ్చారు. ప్లాన్‌లో ఒక్క రన్ కూడా వదల్లేదు, నాకు పంపే లాగ్‌లో అన్నీ టిక్కులే. పండగ సీజన్ వచ్చింది, ఆర్డర్లు పెరిగాయి, నిద్ర ఐదు గంటలకి పడిపోయింది. ఆ సంగతి లాగ్‌లో ఎక్కడా రాయలేదు, ఎందుకంటే ఆవిడ దృష్టిలో నిద్ర ట్రైనింగ్‌లో భాగం కాదు. ముందు షిన్ దగ్గర నొప్పి మొదలైంది. ఐస్ పెట్టి, మాత్ర వేసుకుని పరుగెత్తారు. చివరికి ఎముక మీద ఒకేచోట వేలుపెట్టి నొక్కితే తట్టుకోలేనంత నొప్పి. నాకు చెప్పింది అప్పుడు. వెంటనే డాక్టర్ దగ్గరికి పంపాను. ఎమ్మారైలో టిబియా స్ట్రెస్ ఫ్రాక్చర్ అని, అంటే పదేపదే పడిన ఒత్తిడికి షిన్ ఎముకలో పగులు వచ్చిందని తేలింది. అదే సమయంలో ఒక పెద్ద ఆర్డర్‌కి కొటేషన్‌లో ఒక సున్నా తక్కువ వేసి పంపేశారట. కస్టమర్ మంచివాడు కాబట్టి ఫోన్ చేసి అడిగాడు. కాలు విరిగినదానికన్నా ఆ సున్నాకే ఆవిడ ఎక్కువ బాధపడ్డారు. రెండింటికీ కారణం ఒకటేనని నా అనుమానం.

శరీరం దగ్గర ఆఫీసుకి ఒక ఖాతా, వ్యాపారానికి ఒక ఖాతా, పరుగుకి ఇంకో ఖాతా ఉండవు. బాస్ తిట్టినా, కస్టమర్ రిటర్న్ పంపినా, ఇంటర్వల్స్ (మధ్యలో విరామమిస్తూ వేగంగా పరుగెత్తడం) చేసినా అన్నీ ఒకేచోట డెబిట్ అవుతాయి. అందుకే జీఎస్టీ రిటర్న్ గడువు ఉన్న వారంలో మీ టెంపో రన్ (కొంతసేపు ఆపకుండా కాస్త వేగంగా చేసే పరుగు) దరిద్రంగా సాగితే మీ ఫిట్‌నెస్ ఎక్కడికో పోయిందని కంగారుపడకండి.

"మరి ఫలానా సీఈఓ నాలుగు గంటలే పడుకుంటాడట కదా?" పుట్టుకతోనే తక్కువ నిద్ర సరిపోయేవాళ్లు నిజంగా ఉన్నారు. వాళ్లలో కొందరికి డీఈసీ2 అనే జన్యువులో మార్పు ఉందని 2009లో కనుగొన్నారు కూడా. కానీ అలాంటివాళ్లు చాలా చాలా అరుదు. సెలవు రోజున అలారం పెట్టకపోతే మీరు తొమ్మిది దాకా పడుకుంటున్నారా? అయితే మీరు ఆ బాపతు కాదు. ఇంటర్వ్యూల్లో గొప్పలు చెప్పుకునేవాళ్ల మాటలు పట్టుకుని ట్రైనింగ్ ప్లాన్లు వేసుకోకండి.

సరే, మరి ఏం చేయాలి? నేను ప్లాన్ వేసేటప్పుడు రోజుని వెనకనుంచి మొదలుపెడతాను. ముందు పడుకునే టైమ్ రాస్తాం, తర్వాత ఉద్యోగం, తర్వాత వ్యాపారం, ఇల్లు. మిగిలినదాంట్లో పరుగు. చాలామందికి వారానికి నాలుగు రన్లు మిగులుతాయి: రెండు ఈజీ, ఒక క్వాలిటీ (గట్టిగా చేసేది), ఒక లాంగ్ రన్ (వారంలో అన్నిటికన్నా ఎక్కువ దూరం). మొదటి మారథాన్ క్షేమంగా పూర్తిచేయడానికి నాలుగు చాలు. ఆరు రోజుల ప్లాన్ ఇంటర్నెట్‌లో దొరికింది కదా అని దాన్ని ఐదు గంటల నిద్రలో ఇరికించే బదులు, ఈ నాలుగూ బాగా నిద్రపోయి చేయండి.

రాత్రి ఆరు గంటలకన్నా తక్కువ పడుకుంటే ఆ పొద్దున ఇంటర్వల్స్ వద్దు, ఈజీకి మార్చండి. వరసగా రెండు రాత్రులు అలా అయితే ఆ రన్ మానేసి పడుకోండి. పొద్దున్న కుదరక రాత్రి పది తర్వాత స్పీడ్ వర్క్ చేసి, వెంటనే మంచమెక్కితే నిద్ర పట్టడం కష్టమవుతుంది. అంత ఆలస్యమైతే ఈజీ రన్ చాలు. వ్యాపారానికి కూడా ఒక కటాఫ్ టైమ్ పెట్టుకోండి. ఆర్డర్ రాత్రి పదకొండుకి వస్తే అది రేపటి ఆర్డరే. ఇదంతా విన్నాక కూడా గంటలు సరిపోవట్లేదంటే ఈ సీజన్‌కి హాఫ్ మారథాన్ ఎంచుకోండి. 21.1 కిలోమీటర్లు పరుగెత్తడం చిన్నతనమేమీ కాదు.

అపోహ: టైమ్ తక్కువ కాబట్టి ప్రతి రన్ గట్టిగా చేయాలి

నిద్ర తర్వాత ఎక్కువమందిని దెబ్బతీసేది ఇదే. "వారానికి నాలుగే రన్లు, వాటిలో కూడా మెల్లగానా?" అని అడుగుతారు. అవును, మెల్లగానే. ఎండ్యూరెన్స్ (ఎక్కువ దూరాల) అథ్లెట్ల ట్రైనింగ్‌ని స్టీఫెన్ సైలర్ లాంటి పరిశోధకులు పరిశీలిస్తే, మేటి అథ్లెట్లు దాదాపు 80 శాతం సెషన్లు తేలికపాటి తీవ్రతలోనే చేస్తున్నట్టు కనిపించింది. వారానికి ఎన్నో గంటలు పరుగెత్తేవాళ్లే అంత తేలిగ్గా చేస్తుంటే, రాత్రి పదకొండుదాకా లేబుళ్లు అంటించిన మీరు ప్రతిరోజూ ఆయాసపడాల్సిన పనేముంది? గుండె, ఊపిరితిత్తులు వారాల్లో మెరుగుపడతాయి. టెండన్లకి, ఎముకలకి నెలలు పడుతుంది. ఊపిరి బాగుందని స్పీడ్ పెంచేస్తే కాళ్లు ఒప్పుకోవు.

ఈజీ పేస్ కొలవడానికి వాచీ అక్కర్లేదు. పరుగెత్తుతూ పూర్తి వాక్యాలు మాట్లాడగలగాలి. నా దగ్గర ఒకాయన ఈజీ రన్‌లో కస్టమర్ల ఫోన్లు ఎత్తేవాడు. ఆ అలవాటు నాకు నచ్చలేదు గానీ, రొప్పకుండా ధర బేరమాడుతున్నాడంటే పేస్ సరిగ్గా ఉన్నట్టే అని ఊరుకున్నాను.

అపోహ: వారంలో తప్పిన రన్లన్నీ ఆదివారం కలిపి చేసేయాలి

తప్పిన రన్ తప్పిపోయినట్టే, వదిలేయండి. ఒకటి రెండు రన్లు పోతే ఫిట్‌నెస్ పోదు. వాటిని తెచ్చి లాంగ్ రన్‌కి అతికించి 22 కిలోమీటర్లని 34 చేస్తే మాత్రం మోకాలో మడమో పోతుంది. "చెయిన్ తెగిపోయింది సార్, 21 రోజులు మళ్లీ మొదటినుంచి" అని దిగులుపడేవాళ్లని చూస్తే జాలేస్తుంది. వరసగా 21 రోజులు చేస్తే ఏదైనా అలవాటవుతుందన్న ఆ లెక్కకి ఆధారం లేదు. లండన్ యూనివర్సిటీ కాలేజ్ పరిశోధకులు అలవాట్ల మీద చేసిన అధ్యయనంలో సగటున 66 రోజులు పట్టింది, అదీ మనిషిని బట్టి 18 నుంచి 254 దాకా. మధ్యలో ఒక రోజు తప్పితే అలవాటు ఏర్పడటం మీద పెద్దగా ప్రభావం పడలేదని కూడా అందులోనే తేలింది. కాబట్టి టెన్షన్ వద్దు.

అపోహ: ఉద్యోగం ఉన్నంతకాలం ఏదీ సీరియస్‌గా చేయలేం

2018 బోస్టన్ మారథాన్‌ని చలిలో, జోరువానలో, ఎదురుగాలిలో 2 గంటల 15 నిమిషాల 58 సెకన్లలో గెలిచిన జపాన్ రన్నర్ యూకి కవాచి అప్పటికి ప్రభుత్వ ఉద్యోగి. ఓ హైస్కూల్ ఆఫీసులో పనిచేసేవాడు. మిగతా మేటి రన్నర్లు రోజుకి రెండుసార్లు పరుగెత్తుతుంటే ఆయన ఎక్కువగా ఒకసారితోనే సరిపెట్టుకునేవాడు. పూర్తిస్థాయి ప్రొఫెషనల్ అయింది ఆ తర్వాత, 2019లో.

వ్యాపారంలోనూ ఇంతే. నైకీగా మారిన కంపెనీని 1964లో మొదలుపెట్టిన ఫిల్ నైట్, తనూ కాలేజీ రోజుల్లో రన్నరే, అకౌంటెంట్‌గా పనిచేస్తూ, పాఠాలు చెప్తూ, కారు డిక్కీలో షూస్ పెట్టుకుని ట్రాక్ మీట్లలో అమ్మాడు. ఫుల్‌టైమ్ వ్యాపారంలోకి దిగింది 1969లో. ఉద్యోగం వదలకుండా వ్యాపారం మొదలుపెట్టి తర్వాత పూర్తిగా మారినవాళ్లు విఫలమయ్యే అవకాశం, ఒకేసారి ఉద్యోగం మానేసి దూకినవాళ్లకన్నా మూడోవంతు తక్కువని 2014లో వచ్చిన ఒక అమెరికన్ అధ్యయనం చెప్పింది. అయితే మీ ఉద్యోగ ఒప్పందంలో సొంత వ్యాపారం చేయకూడదని షరతు ఉందేమో ముందు చదువుకోండి. దీన్ని పట్టించుకోనివాళ్లు ఎక్కువమంది ఉన్నారు.

ఇక మిగతావి

పరుగెత్తితే మోకాళ్లు అరిగిపోతాయి: సరదాకి, ఆరోగ్యానికి పరుగెత్తేవాళ్లలో మోకాలు, తుంటి ఆర్థరైటిస్ 3.5 శాతం, కూర్చుని ఉండేవాళ్లలో 10.2 శాతం అని 2017లో అనేక అధ్యయనాలని కలిపి చూసినప్పుడు తేలింది. ఈ ప్రశ్న ఇంక నన్ను అడగొద్దు.

రేసుకి ముందే ఒకసారి మారథాన్ దూరం 42 కిలోమీటర్లూ పరుగెత్తి చూసుకోవాలి: వద్దు. 30, 32 దగ్గర ఆపేయండి. మెల్లగా పరుగెత్తేవాళ్లు దూరం చూడకుండా మూడు, మూడున్నర గంటల దగ్గర ఆపండి.

మర్నాటి నొప్పులు లాక్టిక్ యాసిడ్ (గట్టిగా పరుగెత్తినప్పుడు కండరాల్లో తయారయ్యే పదార్థం) వల్ల: కాదు. అది పరుగయ్యాక గంట రెండు గంటల్లో రక్తంలోంచి పోతుంది.

ఎంత నీళ్లు తాగితే అంత మంచిది: ఇది ప్రమాదకరమైన మాట. అతిగా తాగితే రక్తంలో సోడియం (ఉప్పు) పలచబడిపోతుంది. 2002 బోస్టన్ మారథాన్‌లో రక్తం పరీక్షించిన 488 మందిలో 13 శాతం మందికి సోడియం మామూలుకన్నా తక్కువగా ఉంది. దాహం వేస్తే తాగండి. రేసులో మీ బరువు పెరిగేంతగా తాగకండి.

టేపర్‌లో (రేసుకి ముందు పరుగు తగ్గించే వారాల్లో) మిగిలిన గంటలు బిజినెస్‌కి వాడుకోవచ్చు: ఆ గంటలు నిద్రవి. చివరి రెండు మూడు వారాల్లో కిలోమీటర్లు తగ్గించేది శరీరం కోలుకోవడానికి. పెండింగ్ ఆర్డర్లన్నీ అప్పుడే పూర్తిచేద్దామని రాత్రి రెండుదాకా కూర్చుంటే టేపర్ చేసి లాభం లేదు. కొత్త ప్రోడక్ట్ లాంచ్, డిస్కౌంట్ సేల్ లాంటివి రేసు నెలలో పెట్టుకోకండి.

ఇదంతా చదివి, రేసు ముందు రాత్రి నిద్ర పట్టకపోతే ఎలా అని ఇప్పుడే భయపడేవాళ్లు కొందరు ఉంటారు. ఆ రాత్రి దాదాపు ఎవరికీ సరిగ్గా పట్టదు. ఒక్క రాత్రి తక్కువైతే పరుగు పెద్దగా దెబ్బతినదు, అంతకుముందు వారమంతా బాగా పడుకుని ఉంటే ఇంకా మంచిది. పట్టకపోయినా లైట్ తీసేసి పడుకుని ఉండండి. డిస్పాచ్ రేసు మర్నాడు కాదు, ఆ తర్వాతి రోజు నుంచి అని కస్టమర్లకి ముందే మెసేజ్ పెట్టేసి, ఆర్డర్ల నోటిఫికేషన్లు ఆఫ్ చేయండి.