ఇవ్వాలా, దాచాలా: ప్రభుత్వ లా టీమ్ బల్ల మీదికి ఈ చిక్కు ఎలా వచ్చింది

ఒక అధికారి మీద శాఖాపరమైన విచారణ జరిగింది. నివేదిక ఫైల్లో ఉంది. దాని కాపీ కావాలని ఎవరో సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టారు. ఇస్తే, నా గోప్యత సంగతేమిటంటూ ఆ అధికారి కోర్టుకెక్కుతాడు. ఇవ్వకపోతే దరఖాస్తుదారు అప్పీలుకు వెళ్తాడు. ఎటు తిరిగినా ప్రభుత్వం తరఫున కౌంటర్, అంటే జవాబు, రాయాల్సింది ఒకే లా టీమ్. కింది స్థాయిలో తెగని ఇలాంటి ఫైళ్లన్నీ చివరికి ఆ టీమ్ పెద్ద బల్ల మీదికి చేరతాయి. గడువు తరుముతుంటుంది, జరిమానా టెన్షన్ పక్కనే ఉంటుంది.

60 ఏళ్ల కిందటి ప్రభుత్వ వకీలుకు ఈ తలనొప్పి దాదాపు లేదు. రికార్డులు చూపించాలనే చట్టాలు అప్పటికి వేళ్ల మీద లెక్కపెట్టగలిగినన్ని దేశాల్లోనే ఉన్నాయి. వ్యక్తుల వివరాలను కాపాడాలనే ప్రత్యేక చట్టాలు ఇంకా పుట్టలేదు. ఆ తర్వాత రెండూ వచ్చాయి, కానీ వేర్వేరు భయాల నుంచి వచ్చాయి. ప్రభుత్వం ఏదో దాస్తోందన్న అనుమానం మొదటిదాన్ని తెచ్చింది. ప్రభుత్వం మన గురించి ఏదో పోగేస్తోందన్న అనుమానం రెండోదాన్ని తెచ్చింది. రెండూ ఒకే ఫైలు దగ్గర ఎదురుపడితే ఏం చేయాలో తేల్చుకోవడానికే ఇన్ని దశాబ్దాలు పట్టింది. ఇంకా తేలలేదనే నా అభిప్రాయం.

1766 డిసెంబరు 2న స్వీడన్ చేసిన పత్రికా స్వేచ్ఛ చట్టంతో ఈ కథ మొదలవుతుంది. ప్రభుత్వ పత్రాలు చూసే హక్కును అందులోనే కలిపి ఇచ్చారు. దాని కోసం గట్టిగా పనిచేసిన ఆండర్స్ కిడేనియస్ ఇప్పటి ఫిన్లాండ్ ప్రాంతపు మతగురువు. ఆరేళ్లకే రాజు మూడో గుస్తావ్ అధికారమంతా చేతిలోకి తీసుకోవడంతో ఆ స్వేచ్ఛకు కత్తెర పడింది. అయినా విత్తనం మిగిలింది.

అసలు మలుపు అమెరికాలో. అక్కడ 1946 నాటి పాలనా విధానాల చట్టం రికార్డులు చూపమనే చెప్పింది. అయితే ఆ విషయంతో సరైన, నేరుగా సంబంధం ఉన్నవారికి మాత్రమే చూపమంది. తగిన కారణం ఉంటే దాచుకోవచ్చని కూడా అంది. ఇక చెప్పేదేముంది, కారణాలకు కొదవ రాలేదు. కాలిఫోర్నియాకు చెందిన కాంగ్రెస్ సభ్యుడు జాన్ మాస్ 1955లో ఒక సబ్‌కమిటీకి పెద్దగా కూర్చుని, ఈ దాపరికం మీద 11 ఏళ్లు పోరాడాడు. చివరికి 1966 జులై 4న అధ్యక్షుడు జాన్సన్ సమాచార స్వేచ్ఛ చట్టం మీద సంతకం పెట్టాడు. అదీ ఏ వేడుకా లేకుండా, ఇష్టం లేని పెళ్లికి వచ్చినట్టు.

ఆ చట్టంతో లెక్క తిరగబడింది. ఎవరైనా అడగొచ్చు, ఎందుకో చెప్పక్కర్లేదు. ఎందుకు ఇవ్వడం లేదో మాత్రం ప్రభుత్వమే కోర్టులో రుజువు చేసుకోవాలి. అంటే ప్రతి తిరస్కరణ వెనకా ఒక వకీలు నిలబడాలి. మినహాయింపులు తొమ్మిది. వాటిలో ఆరోది సిబ్బంది ఫైళ్లు, వైద్య ఫైళ్లు, అలాంటి ఇతర ఫైళ్లకు సంబంధించింది. వాటిని బయటపెడితే వ్యక్తిగత గోప్యతలోకి ‘స్పష్టంగా అనవసరమైన చొరబాటు’ అయ్యేటట్టుంటేనే ఆపవచ్చు. ఈ మాటను గుర్తుపెట్టుకోండి, కాస్త రూపు మార్చుకుని మన దేశానికీ వస్తుంది.

రెండో భయం కంప్యూటర్‌తో వచ్చింది. జర్మనీలోని హెస్సె రాష్ట్రం 1970లో ప్రపంచంలోనే మొదటి డేటా రక్షణ చట్టం చేసింది. 1973లో స్వీడన్ జాతీయ స్థాయిలో ఆ పని చేసింది. పత్రాలన్నీ తెరిచి పెట్టిన దేశమే ముందుగా భయపడడంలో వింతేమీ లేదు. బీరువాలో ఉన్నంతకాలం తెరిచిన కాగితం ఎవరికీ పెద్దగా హాని చేయదు, కంప్యూటర్ టేపు మీదికెక్కితే సంగతి వేరు.

అమెరికాలో రెండు భయాలూ 1974లో ఒకే ఏడాది చట్టసభకు చేరాయి. అధ్యక్షుడు నిక్సన్‌ను గద్దె దింపిన వాటర్‌గేట్ కుంభకోణం వేడి ఇంకా తగ్గలేదు. సమాచార స్వేచ్ఛ చట్టానికి పదును పెట్టే సవరణలను అధ్యక్షుడు ఫోర్డ్ అక్టోబరులో వీటో చేశాడు. న్యాయశాఖలో లీగల్ కౌన్సెల్ ఆఫీసుకు అప్పట్లో పెద్ద ఆంటొనిన్ స్కేలియా, తర్వాతి కాలంలో సుప్రీంకోర్టు జడ్జి అయినాయనే. ఆయనా వీటోవైపే ఉన్నాడు. ప్రభుత్వ లా టీమ్ పెద్ద సహజంగా ఏ పక్షాన ఉంటాడో చెప్పడానికి ఇంతకంటే ఉదాహరణ అక్కర్లేదు. నవంబరులో కాంగ్రెస్ ఆ వీటోను కొట్టేసింది. డిసెంబరు 31న అదే ఫోర్డ్ గోప్యత చట్టం మీద సంతకం చేశాడు.

ఈ రెండు చట్టాలు కలిసే చోట ఒక చిన్న వాక్యం ఉంది. వ్యక్తి అనుమతి లేకుండా అతని రికార్డు ఇవ్వరాదని గోప్యత చట్టం అంటూనే, సమాచార స్వేచ్ఛ చట్టం ఇవ్వాల్సిందే అన్నదాన్ని మాత్రం ఇవ్వొచ్చంది. చదవడానికి సులువుగానే ఉంది. దాని ఫలితం మాత్రం గట్టిది. మిగతా మినహాయింపులు చాలావాటిలో, ఆపగలిగినా పోనీలే ఇచ్చేద్దాం అనుకునే వీలు అధికారికి ఉంటుంది. ఇలాంటి వ్యక్తిగత రికార్డుల్లో ఆ వీలు పోయింది. మినహాయింపు వర్తించకపోతే ఇచ్చి తీరాలి, వర్తిస్తే ఇవ్వనే కూడదు. మధ్యలో గీత ఎక్కడ పడుతుందో చెప్పేవాడు కావాలి. ఆ గీత గీయడమే ఈ ఉద్యోగం.

కోర్టులు మొదట్లో ఆ గీతను ఉదారంగా గీశాయి. వైమానిక దళ అకాడమీలో క్రమశిక్షణ విచారణల సారాంశాలు కావాలని న్యాయ విద్యార్థులు అడిగిన కేసులో, 1976లో సుప్రీంకోర్టు పేర్లు తీసేసి ఇచ్చే దారి చూపింది. 1989కి గాలి మారింది. ఒక వ్యక్తి నేర చరిత్ర మొత్తం ఒకచోట చేర్చిన ప్రభుత్వ పట్టీని విలేకరులు అడిగారు. అందులోని ఒక్కో కేసూ ఏదో ఒక ఊరి కోర్టు రికార్డుల్లో బహిరంగంగా ఉన్నదే కదా అని వాళ్ల వాదన. ఎక్కడెక్కడో చెదిరి ఉన్న కాగితాలు వేరు, కంప్యూటర్ ఒక్కచోట పేర్చి ఇచ్చేది వేరు అంది సుప్రీంకోర్టు. వెతకడంలోని కష్టమే మనిషికి ఒక రకం గోప్యత ఇస్తోందని అప్పటిదాకా ఎవరూ ఇంత స్పష్టంగా అనుకోలేదు.

కెనడా చేసిన పని నాకు ఎక్కువ నచ్చుతుంది. సమాచార చట్టాన్నీ గోప్యత చట్టాన్నీ ఒకే బిల్లుగా తెచ్చి, 1983 జులై 1న ఒకేరోజు అమల్లో పెట్టింది. కవల పిల్లల్లా కలిసి పెరగడం వల్ల రెండిటి మధ్య భాష కుదిరింది. వ్యక్తిగత సమాచారానికి ఇచ్చిన నిర్వచనంలోనే ఒక తీసివేత ఉంది: ప్రభుత్వోద్యోగి పదవికి, విధులకు సంబంధించిన సమాచారం అడిగినవారికి ఇచ్చే విషయంలో వ్యక్తిగతం కిందికి రాదు. ఆర్థికశాఖ ఉద్యోగులు సెలవు రోజుల్లో ఆఫీసుకు వచ్చి సంతకాలు పెట్టిన రిజిస్టర్లు ఇవ్వాలా అన్న కేసు అక్కడి సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 1997లో అయిదుగురు జడ్జీలు ఇవ్వాలన్నారు, నలుగురు వద్దన్నారు. సంతకాల రిజిస్టరు దగ్గరే ఇంత తేడా వస్తే, విచారణ నివేదిక దగ్గర గుమాస్తాను ఏం తేల్చమంటాం?

బ్రిటన్ సమాచార స్వేచ్ఛ చట్టం 2000లో వచ్చినా పూర్తిగా అమలైంది 2005 జనవరి 1 నుంచి. ఎంపీల ఖర్చుల బిల్లులు దానికి అసలు పరీక్ష. బయటపెట్టాల్సిందేనని 2008లో హైకోర్టు చెప్పింది. అధికారికంగా విడుదలయ్యేలోపు, 2009 మేలో, పూర్తి ప్రతులు ఒక దినపత్రికకు చేరిపోయాయి. నెల తర్వాత పార్లమెంటు తన ప్రతులు తాను విడుదల చేసింది, పేజీల నిండా నల్ల పట్టీలతో. చిరునామాలు గోప్యత పేరుతో కొట్టేశారు. ఎంపీల రెండో ఇంటి ఖర్చు ప్రజల డబ్బుతోనే తీరేది; కొందరు ఏ ఇంటిని రెండో ఇల్లుగా చూపాలో మార్చుకుంటూ డబ్బు రాబట్టుకున్నారు, ఆ ఆట తెలిసేదే చిరునామాల వల్ల. నల్ల పట్టీల ప్రతి ఒక్కటే బయటికొచ్చి ఉంటే ఆ సంగతి ఎవరికీ తెలిసేది కాదు. చిరునామా వ్యక్తిగత వివరమే, ఎవరూ కాదనరు. ప్రజల డబ్బు పోయిన దారి కూడా ఆ చిరునామాలోనే ఉంది.

ఎదుటి వైపు తప్పులూ తక్కువేం కాదు. న్యూయార్క్ నగరం 2014లో ఒక రికార్డుల దరఖాస్తుకు జవాబుగా, అంతకు ముందు ఏడాది జరిగిన సుమారు 17 కోట్ల ట్యాక్సీ ప్రయాణాల డేటా ఇచ్చింది. ట్యాక్సీ నంబర్లను కోడ్‌గా మార్చామనుకున్నారు. ఆ నంబర్లు ఒక చిన్న పద్ధతిలో ఉండేవి కాబట్టి కోడ్ కొద్దిసేపట్లోనే విడిపోయింది. ట్యాక్సీ దిగుతున్న ప్రముఖుల ఫొటోలతో కలిపి చూసి, ఎవరు ఎక్కడికి వెళ్లారో, ఎంత టిప్పు ఇచ్చారో చెప్పేశారు.

ఉత్తర ఐర్లండ్ పోలీసుల సంగతి ఇంకా ఘోరం. ఒక్కో ర్యాంకులో ఎంతమంది ఉన్నారన్నది 2023 ఆగస్టులో వాళ్లకు వచ్చిన ప్రశ్న. జవాబుగా ఇచ్చిన ఎక్సెల్ ఫైల్లో కనిపించకుండా దాగిన మరో షీటు ఉంది. అందులో 9,483 మంది అధికారులు, సిబ్బంది ఇంటిపేర్లు, వాళ్లు పనిచేసే చోటు, విభాగం ఉన్నాయి. పోలీసు అని తెలిస్తే ప్రాణం మీదికి వచ్చే ప్రాంతం అది. రెండు గంటలకు పైగా ఆ ఫైలు ఇంటర్నెట్‌లో ఉంది. తర్వాత పడిన జరిమానా 7,50,000 పౌండ్లు. లా టీమ్ పెద్దకు సెక్షన్లన్నీ కంఠతా వచ్చినా, ఎక్సెల్‌లో దాచిన షీటు ఎలా ఉంటుందో తెలియకపోతే చాలదు.

మన దేశంలో 1923 నాటి అధికార రహస్యాల చట్టం నీడలో ఫైలంటేనే రహస్యం అన్న అలవాటు స్థిరపడింది. 1990ల్లో రాజస్థాన్ పల్లెల్లో మజ్దూర్ కిసాన్ శక్తి సంఘటన్ అనే కూలీల, రైతుల సంఘం బహిరంగ విచారణలు పెట్టి, మస్టర్ రోళ్లను జనం ముందు గట్టిగా చదివించింది. చచ్చిపోయినవాళ్ల పేర కూలి రాసిన లెక్కలు అలా బయటపడ్డాయి. ఆలోచించి చూస్తే మస్టర్ రోల్ అంటే ఏమిటి? పేరు, పని చేసిన రోజులు, తీసుకున్న డబ్బు. అంతా వ్యక్తిగత సమాచారమే. మన సమాచార హక్కు ఉద్యమం పుట్టిందే వ్యక్తిగత సమాచారం చదవడంతో.

2005 అక్టోబరు 12న పూర్తిగా అమల్లోకి వచ్చిన సమాచార హక్కు చట్టం సెక్షన్ 8(1)(జె)లో ఈ రెండిటినీ తూచింది. ప్రజా కార్యకలాపంతో సంబంధం లేని వ్యక్తిగత సమాచారాన్ని, లేదా గోప్యతలోకి ‘అనవసరమైన చొరబాటు’ అయ్యేదాన్ని ఆపవచ్చు. విస్తృత ప్రజాప్రయోజనం ఉందనిపిస్తే అదీ ఇవ్వవచ్చు. అమెరికా చట్టంలోని మాట ఇది, ‘స్పష్టంగా’ అన్నది మాత్రం దారిలో జారిపోయింది. 2012లో గిరీష్ రామచంద్ర దేశ్‌పాండే కేసులో సుప్రీంకోర్టు ఉద్యోగి మెమోలు, షోకాజ్ నోటీసులు, ఆస్తుల వివరాలు వ్యక్తిగతమేనంది. కెనడా తీసివేసినదాన్ని మనం కలిపేసుకున్నట్టయింది. ప్రజాప్రయోజనం చూపిస్తే ఇవ్వొచ్చని ఆ తీర్పులోనే ఉంది. తిరస్కరణ లేఖల్లో తీర్పు పేరు కనిపించినంతగా ఆ రెండో సగం కనిపించదు.

2017 ఆగస్టు 24న తొమ్మిది మంది జడ్జీల ధర్మాసనం పుట్టస్వామి కేసులో గోప్యతను ప్రాథమిక హక్కుగా ప్రకటించింది. ప్రభుత్వం చేతి నుంచి పౌరుణ్ని కాపాడే తీర్పు అది. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం, తన సెక్షన్ 44(3)తో 8(1)(జె)ని మార్చేసింది. ఇప్పుడు అక్కడ మిగిలింది ‘వ్యక్తిగత సమాచారానికి సంబంధించిన సమాచారం’ అన్నంత వరకే. చొరబాటు మాట పోయింది, ప్రజాప్రయోజనం తూకమూ ఆ క్లాజులోంచి పోయింది. 2025 నవంబరు నుంచి ఇదే అమల్లో ఉంది.

సెక్షన్ 8(2) ఉంది కదా అంటుంది ప్రభుత్వం. నిజమే, హాని కంటే ప్రజాప్రయోజనం ఎక్కువైతే మినహాయింపు ఉన్న సమాచారాన్నీ ఇవ్వొచ్చని అది చెబుతుంది. కానీ పాత క్లాజులో తూచే పని దరఖాస్తులకు జవాబిచ్చే పౌర సమాచార అధికారి పేరునే ఉండేది. 8(2) ‘ప్రజాధికార సంస్థ’, అంటే ఆ అధికారి కాదు, మొత్తం శాఖ లేదా సంస్థ, అనుమతించవచ్చు అంటుంది. ఆలస్యం చేస్తే రోజుకు 250 రూపాయల చొప్పున 25,000 దాకా జరిమానా పడేది మాత్రం ఇప్పటికీ ఆ అధికారి జేబుకే. వ్యక్తిగతం అని ఒక ముక్క రాసి దరఖాస్తు మూసేస్తే అతనికి ఏ ఇబ్బందీ లేదు. ఇవ్వాలనుకుంటే నోట్ పెట్టాలి, ఫైలు పైకి పంపాలి, సంబంధిత వ్యక్తికి సెక్షన్ 11 కింద అయిదు రోజుల్లో నోటీసు వెళ్లాలి, అతను చెప్పుకోవడానికి పది రోజులు ఆగాలి.

అందుకే లా టీమ్ పెద్ద ఈ కొత్త కాలంలో మొదట రాయాల్సింది కౌంటర్లు కావు, కింది అధికారుల కోసం ఒక నోట్ నమూనా. వ్యక్తిగతం అని రాసిన ప్రతి ఫైల్లోనూ 8(2) కింద ఏం తూచారో ఒక పేరా, సెక్షన్ 10 కింద ఏ భాగం వేరుచేసి ఇవ్వవచ్చో ఇంకో పేరా ఉండాలి. జీతాలు, విధుల లాంటివి సెక్షన్ 4 కింద ఎవరూ అడగకుండానే ప్రచురించాల్సినవి. అడిగినప్పుడు వాటిని వ్యక్తిగతం అనడానికి లేదు. మొదట చెప్పిన విచారణ నివేదికలో ఆరోపణ, తేలిన విషయం, వేసిన శిక్ష ఒకవైపు ఉంచి, సాక్షుల ఫోన్ నంబర్లు, వైద్య కాగితాలు, ఇంటి చిరునామా కొట్టేసి ఇవ్వవచ్చు. చిరునామా కొట్టేసే ముందు, ఆరోపణ ఆ ఇంటి గురించే అయిందేమో ఒకసారి చూసుకోవాలి.