జపాన్ తొలి ట్యాంకులు: అపోహలు - వాస్తవాలు

స్కేల్ మోడళ్లు (అసలు బళ్లకు చిన్న నమూనాలు) చేసేవాళ్లలో జర్మన్ టైగర్ ట్యాంకుకి ఉన్న క్రేజ్ జపాన్ బళ్లకి లేదు. "కాపీలు, రేకు డబ్బాలు" అని కొట్టిపారేస్తారు. ఏళ్లుగా ఈ బళ్ల మోడళ్లే చేస్తున్న నాకు ఆ మాట బాధగా ఉంటుంది. అవి చైనా మీదికి దండెత్తిన బళ్లు, వాటిని పొగడను. కానీ వాటి ఆకారం ఎందుకలా వచ్చిందో తెలియాలి కదా.

అపోహ: జపాన్ టైప్ 89 ట్యాంకు బ్రిటిష్ విక్కర్స్ ట్యాంకుకి నకలు.

1927లో జపాన్ ఒక విక్కర్స్ మీడియం సి ట్యాంకును కొని, దాన్ని చూసి చాలా నేర్చుకుంది. అయితే అదే ఏడాది ఒసాకా ఆయుధశాలలో సొంత ట్యాంకు కూడా తయారైంది. అది దాదాపు 18 టన్నులు. అంత బరువు వద్దు, 10 టన్నుల్లో కావాలని సైన్యం అడిగింది. అలా 1929లో టైప్ 89 వచ్చింది. పోనుపోను అదీ 11 టన్నులు దాటిపోయి, తేలిక ట్యాంకు కాస్తా మధ్యరకం అయింది.

దాని టరెట్‌కి (పైన తిరిగే ఫిరంగి గోపురానికి) ముందు 57 మి.మీ. ఫిరంగి ఉంటుంది, మెషిన్ గన్ వెనక వైపు ఉంటుంది. అది మోడల్ కిట్‌లో తప్పు కాదు, సరిచేయబోకండి. ఎదురుగా ఉన్నవాళ్ల మీద ఆ మెషిన్ గన్ పేల్చాలంటే టరెట్ మొత్తం తిప్పాల్సిందే.

అపోహ: టైప్ 89 మొదటి నుంచీ డీజిల్ బండే.

కాదు, మొదట్లో పెట్రోలే. 1930ల మధ్యలో మిత్సుబిషి 120 హార్స్‌పవర్ డీజిల్ ఇంజన్ పెట్టారు. ఆరు సిలిండర్లు, గాలితోనే చల్లబడుతుంది. ఈశాన్య చైనాలోని మంచూరియా చలికి రేడియేటర్‌లో నీళ్లు గడ్డకడతాయన్న భయం పోయింది. పెట్రోల్‌తో ఉండే మంటల టెన్షన్ కూడా తగ్గింది. నా దృష్టిలో ఆ కాలపు జపాన్ ఇంజనీర్లు చేసిన గొప్ప పని ఇదే.

అపోహ: టైప్ 92 ఒక సాయుధ కారు.

పేరుకే కారు. 1932 నాటి ఈ చిన్న బండికి ఉన్నవి చెయిన్ పట్టాలు. ట్యాంకులు పదాతిదళం సొత్తు కాబట్టి, అశ్వికదళం తన బండికి కారు అని పేరు పెట్టుకుంది. కవచం 6 మి.మీ. మాత్రమే. రేకు డబ్బా అన్న మాట దీనికి కొంత చెల్లుతుంది.

అపోహ: సుమిదా అనే జపాన్ సాయుధ బండి రైలు పట్టాల మీదే నడుస్తుంది.

రోడ్డు మీద కూడా నడుస్తుంది. ఇనుప రైలు చక్రాల మీద రబ్బరు టైర్లు తొడుగుతారు. పట్టాలెక్కించేటప్పుడు బండికే ఉన్న జాకీలతో పైకి లేపి టైర్లు తీసేస్తారు. మోడల్‌ని పట్టాల మీద నిలబెడుతుంటే ఆ టైర్లను చక్రాలకు ఉంచకండి, బండి పక్కలకు తగిలించండి.