చలికాలం ఆర్‌వీలో దక్షిణాదికి: విశ్రాంత దంపతుల అపోహలు, వాస్తవాలు

మిషిగన్‌లో పదవీ విరమణ చేసినవారికి పన్నులు, ఆదాయ ప్రణాళిక విషయాల్లో సలహాలు ఇవ్వడం నా వృత్తి. ఎన్నో ఏళ్ల క్రితం ఇంజనీర్లుగా, వైద్యులుగా డెట్రాయిట్ పరిసరాలకు వచ్చి స్థిరపడిన తెలుగువారిలో చాలామంది ఇప్పుడు విశ్రాంత జీవితంలో ఉన్నారు. వాకిట్లో మంచు తోసే ఓపిక తగ్గిన కొద్దీ, నవంబరు నుంచి మార్చి దాకా ఆర్‌వీలో, అంటే పడక, వంట సదుపాయాలున్న బండిలో, అరిజోనాకో, టెక్సస్ దక్షిణ కొసకో, ఫ్లోరిడాకో వెళ్లి ఉండగలమా అని వారు అడుగుతుంటారు. మధ్యస్థమైన పింఛను, కొంత పొదుపు ఉన్న దంపతులకు ఇది చాలావరకు సాధ్యమే. అయితే వారు భయపడే ఖర్చులు ఒకటి, నిజంగా దెబ్బతీసే ఖర్చులు మరొకటి కావడం నేను తరచుగా చూస్తున్నాను.

అపోహ: ఇది సంపన్నులకు మాత్రమే సాధ్యం.

అరిజోనాలోని క్వార్ట్‌జ్‌సైట్ దగ్గర, లా పోసా అనే ఎడారి ప్రాంతంలో, సమాఖ్య ప్రభుత్వ భూ నిర్వహణ శాఖ సెప్టెంబరు 15 నుంచి ఏప్రిల్ 15 వరకు దీర్ఘకాల విడిదికి అనుమతి ఇస్తుంది. ఆ సీజన్ మొత్తానికి రుసుము చాలా ఏళ్లపాటు 180 డాలర్లుగానే ఉంది. వెళ్లేముందు ప్రస్తుత ధర సరిచూసుకోవాలి. అక్కడ మంచినీళ్లు పట్టుకునే చోటు, మురుగు ఖాళీ చేసే చోటు ఉంటాయి కానీ బండి పక్కన కరెంటు ప్లగ్గు ఉండదు కనుక, సోలార్ పలకలు, మంచి బ్యాటరీలు మీవే ఉండాలి. ఇదే శాఖ కింద ఉన్న మామూలు భూముల్లో అయితే సాధారణంగా 14 రోజులకు మించి ఒకేచోట ఉండనివ్వరు.

ఎడారిలో కరెంటు లేకుండా ఉండడం అందరి వల్లా అయ్యే పని కాదు, ముఖ్యంగా నిద్రలో శ్వాస యంత్రం వాడేవారికి. అటువంటివారికి టెక్సస్‌లోని రియో గ్రాండే లోయ, అంటే మిషన్, మెకాలెన్, వెస్లకో, హార్లింజెన్ ఊళ్ల చుట్టుపక్కల ఉన్న ఆర్‌వీ పార్కులు (బండి నిలుపుకునే స్థలాన్ని కరెంటుతో అద్దెకిచ్చే చోట్లు) అనుకూలం. సాధారణంగా అరిజోనాలో ఫీనిక్స్ పక్కనున్న మెసా, అపాచీ జంక్షన్ పార్కులకంటే, ఫ్లోరిడా తీరంకంటే అక్కడ అద్దెలు తక్కువ. ఎక్కడైనా సరే, రోజువారీ అద్దెకు, నెలవారీ అద్దెకు పొంతన ఉండదు. రోజుకు 60 డాలర్లు అడిగే చోటే నెలకు మాట్లాడుకుంటే రోజుకు అందులో సగంకంటే తక్కువే పడవచ్చు, కరెంటు బిల్లు మాత్రం మీటరు చూసి విడిగా వేస్తారు. అందువల్ల ఈ జీవితంలో డబ్బు మిగిలేది తిరిగేవారికి కాదు, ఒకచోట కుదురుగా ఉండేవారికి.

అపోహ: గ్యాస్ (బండి ఇంధనం) ఖర్చే కొంప ముంచుతుంది.

డెట్రాయిట్ నుంచి మెసాకు సుమారు 2,000 మైళ్లు. పెద్ద మోటర్‌హోమ్ (సొంత ఇంజనుండే ఆర్‌వీ) గాలనుకు 8 మైళ్లు ఇస్తుందనుకుంటే, రానూపోనూ 500 గాలన్లు. గాలను మూడున్నర డాలర్ల లెక్కన 1,750 డాలర్లు. ఐదు నెలలకు పంచితే నెలకు 350. వారానికో ఊరు చొప్పున తిరిగితే ఈ లెక్క పూర్తిగా మారిపోతుంది, కానీ అది విహారయాత్ర, చలికాలపు మకాం కాదు. గ్యాస్ గురించి గంటసేపు మాట్లాడేవారు టైర్ల గురించి ఒక్క మాట అడగరు. ఆర్‌వీ టైర్లు అరగకపోయినా వయసు మీరి పగులుతాయి. టైరు పక్కన ముద్రించిన నాలుగంకెల తేదీని చూసి, ఐదు నుంచి ఏడేళ్లు దాటితే మార్చక తప్పదు.

అపోహ: ఇంట్లో ఉండం కనుక ఇక్కడి ఖర్చులు మిగులుతాయి.

నా అనుభవంలో ఎక్కువమంది లెక్క తప్పేది ఇక్కడే. ఆస్తిపన్ను, ఇంటి బీమా, హెచ్‌ఓఏ (ఇళ్ల యజమానుల సంఘం) రుసుము, ముంగిట మంచు తీసే మనిషికి ఇచ్చే డబ్బు, ఇవన్నీ మీరున్నా లేకపోయినా ఒకటే. తగ్గేది హీటింగ్ బిల్లులో కొంత భాగం మాత్రమే, అదీ పూర్తిగా కాదు, ఎందుకంటే గొట్టాలు గడ్డకట్టకుండా ఇంటిని 55 డిగ్రీల ఫారన్‌హీట్ దగ్గరైనా ఉంచాలి. హీటింగ్ కొనసాగించకుండా, లేదా నీళ్లు కట్టేసి గొట్టాలు ఖాళీ చేయకుండా వెళ్లినప్పుడు గొట్టం పగిలి ఇల్లు తడిస్తే, చాలా బీమా పాలసీలు ఆ నష్టాన్ని భరించవు. ఇల్లు వరుసగా కొన్ని వారాలపాటు ఖాళీగా ఉంటే రక్షణ తగ్గించే షరతు కూడా కొన్నింటిలో ఉంటుంది. దాన్ని బయలుదేరేముందే ఏజెంటుతో రాతపూర్వకంగా తేల్చుకోవాలి. కాబట్టి మీరు వేసుకోవలసిన లెక్క ఆర్‌వీ జీవితానికి ఎంతవుతుంది అన్నది కాదు. ఒక ఇల్లు యథాతథంగా నడుస్తుండగా, దానిపైన మరొక మకాం నడపడానికి ఎంతవుతుంది అన్నది.

అపోహ: అప్పు చేయకుండా, 401కే లేదా ఐఆర్‌ఏలోంచి (విశ్రాంత జీవితం కోసం పెట్టుకున్న, తీసినప్పుడు పన్ను పడే పొదుపు ఖాతాల్లోంచి) ఒకేసారి తీసి ఆర్‌వీ కొనడమే చవక.

అప్పంటే భయపడే మన తరానికి ఈ సలహా చెవికి ఇంపుగానే ఉంటుంది, కానీ పన్ను లెక్క వేరుగా ఉంటుంది. అరవై ఐదు దాటిన దంపతులకు ఏటా 40,000 డాలర్ల సోషల్ సెక్యూరిటీ (ప్రభుత్వ పింఛను), 30,000 ఐఆర్‌ఏ ఆదాయం ఉందనుకుందాం. 2025 నిబంధనల ప్రకారం వారు కట్టవలసిన సమాఖ్య పన్ను సున్నా. ఆ ఏడాదే మోటర్‌హోమ్ కోసం మరో 1,20,000 తీస్తే, సోషల్ సెక్యూరిటీలో 85 శాతం పన్ను పరిధిలోకి వస్తుంది, ఆదాయంలో ఒక భాగం 22 శాతం శ్లాబులోకి ఎక్కుతుంది, పెద్దవారికి ఇచ్చే అదనపు మినహాయింపు కూడా తరుగుతుంది. మొత్తం మీద పన్ను సుమారు 21,000 డాలర్లవుతుంది. అదే సొమ్మును డిసెంబరులో సగం, జనవరిలో సగం తీసుకుంటే రెండేళ్ల పన్ను కలిపి, నిబంధనలు అలాగే కొనసాగితే, 17,600 డాలర్ల దరిదాపుల్లో ఉంటుంది. నాలుగైదేళ్లకు పంచి, మధ్యలో కొంత రుణం వాడుకుంటే ఇంకా తగ్గవచ్చు, దానికెదురుగా వడ్డీని లెక్కేయాలి. ఆదాయం ఇంకా ఎక్కువున్నవారికి మరొక చిక్కు ఉంది: రెండేళ్ల వెనకటి ఆదాయం ఒక హద్దు దాటితే మెడికేర్ (పెద్దవారికి సమాఖ్య ప్రభుత్వ ఆరోగ్య బీమా) ప్రీమియం పెరుగుతుంది. 2025లో దంపతులకు ఆ హద్దు 2,12,000 డాలర్లు. ఆర్‌వీ కొన్న ఆనందం తీరిపోయాక వచ్చే బిల్లు ఇది.

ఆర్‌వీ రుణంపై వడ్డీకి రెండో ఇంటి కింద పన్ను తగ్గుతుందని అమ్మేవారు చెబుతారు. పడక, వంట, మరుగుదొడ్డి సదుపాయాలున్న బండికి ఆ అవకాశం నిజంగానే ఉంది. కానీ 2025లో ఇద్దరూ అరవై ఐదు దాటిన దంపతులకు స్టాండర్డ్ డిడక్షన్ (ఖర్చులేవీ చూపకుండానే దొరికే మినహాయింపు) 34,700 డాలర్లు. ఇంటి అప్పు తీరిపోయినవారిలో ఈ వడ్డీని కలిపినా దానికి మించి మినహాయింపులు చూపగలిగేవారు అరుదు, చూపలేకపోతే వడ్డీ వల్ల పన్ను తగ్గదు.

అపోహ: మెడికేర్ ఉంది కదా, ఎక్కడైనా చెల్లుతుంది.

ఒరిజినల్ మెడికేర్ (ప్రభుత్వం నేరుగా నడిపేది) ఉన్నవారికి ఈ మాట నిజమే. దాన్ని అంగీకరించే ఏ డాక్టరు దగ్గరకైనా, ఏ రాష్ట్రంలోనైనా వెళ్లవచ్చు. దాని బదులు ప్రైవేటు కంపెనీలు నడిపే అడ్వాంటేజ్ ప్లాన్లు, ముఖ్యంగా హెచ్‌ఎంఓలు (తమ నెట్‌వర్క్‌లోని డాక్టర్లకే పరిమితమయ్యేవి), అలా కావు. అత్యవసర చికిత్సకు దేశమంతా రక్షణ ఉంటుంది కానీ, మెసాలో రక్తపోటు మందులు మార్పించుకోవాలన్నా, మోకాలికి ఫిజియోథెరపీ కావాలన్నా నెట్‌వర్క్ అడ్డం వస్తుంది. ఆరు నెలలకు మించి ప్లాన్ ప్రాంతం బయట ఉంటే సాధారణంగా సభ్యత్వమే రద్దవుతుంది. ఈ ఇబ్బందులు చూసి ఒరిజినల్‌కు మారి మెడిగ్యాప్ (ఒరిజినల్ కట్టని ఖర్చులకు ప్రైవేటు అనుబంధ బీమా) తీసుకుందామనుకుంటే, అరవై ఐదు దాటి పార్ట్ బి (మెడికేర్‌లో డాక్టర్ల ఖర్చుల భాగం) మొదలైన తొలి ఆరు నెలల తరవాత, కొన్ని ప్రత్యేక సందర్భాల్లో తప్ప, ఆరోగ్యం చూసి నిరాకరించే హక్కు కంపెనీలకు ఉంది. న్యూయార్క్, కనెక్టికట్, మసాచుసెట్స్, మెయిన్ వంటి కొన్ని రాష్ట్రాలే ఈ విషయంలో భిన్నంగా ఉన్నాయి. అందుకే ఆర్‌వీ ఆలోచన ఉన్నవారు అరవై నాలుగో ఏటనే ఈ ఎంపిక గురించి మాట్లాడాలని నేను పట్టుబడతాను. గ్రీన్‌కార్డుపై వచ్చిన తల్లిదండ్రులను వెంట తీసుకువెళ్లేవారు, వారికి మెడికేర్ అర్హత ఐదేళ్ల నిరంతర నివాసం తరవాతే వస్తుందని, ఇక్కడ పదేళ్ల ఉద్యోగ చరిత్ర లేకపోతే పార్ట్ ఏకు (ఆసుపత్రి ఖర్చుల భాగానికి) కూడా ప్రీమియం కట్టవలసి రావచ్చని గుర్తుంచుకోవాలి.

అపోహ: ఫ్లోరిడాలోనో, టెక్సస్‌లోనో ఒక చిరునామా తీసుకుంటే మిషిగన్ ఆదాయపు పన్ను తప్పుతుంది.

ఉత్తరాలు అందుకునే చిరునామా వేరు, శాశ్వత నివాసం వేరు. మిషిగన్ ఇంటిపై ప్రధాన నివాస మినహాయింపు తీసుకుంటున్నవారికి స్కూలు పన్నులో 18 మిల్లుల వరకు (పన్ను లెక్కించే విలువలో ప్రతి వెయ్యి డాలర్లకు 18 డాలర్ల వరకు) తగ్గుతుంది. అది తీసుకుంటూనే, మరో రాష్ట్రంలో అటువంటి మినహాయింపు కోరడం గానీ, మిషిగన్‌లో నాన్‌రెసిడెంటుగా రిటర్ను వేయడం గానీ కుదరదు. ఇల్లు, డాక్టరు, మనవలు, ఓటు అన్నీ ఇక్కడే పెట్టుకుని అయిదు నెలలు ఎండకు వెళ్లివచ్చేవారు ఈ ప్రయత్నం చేయకపోవడమే మంచిది.

చిన్న విషయాలు రెండు. జాతీయ పార్కుల సీనియర్ పాస్ అరవై రెండు దాటిన పౌరులకు, గ్రీన్‌కార్డుదారులకు జీవితకాలానికి 80 డాలర్లు. చాలా సమాఖ్య క్యాంపుల్లో అద్దె సగమవుతుంది. విజిటర్ వీసాపై వచ్చిన తల్లిదండ్రులకు అది ఇవ్వరు. ఇక చవకగా దొరికిందని పాత బండి కొనేముందు, వెళ్లదలచుకున్న పార్కుకు ఫోను చేయాలి, ఎందుకంటే పదేళ్లు దాటిన బండ్లను రానివ్వని పార్కులు ఉన్నాయి.

అపోహ: మోటర్‌హోమ్ కొనడమొక్కటే మార్గం.

ఏటా ఒకే ఊరికి వెళ్లేవారికి, పార్కులోనే నిలిచి ఉన్న పాత ట్రైలరును (సొంత ఇంజను లేని ఆర్‌వీని) జనవరి, ఫిబ్రవరి నెలలకు అద్దెకు తీసుకుని చూడడం నేను ముందుగా సూచించేది. నచ్చితే తరవాతి ఏడాది అటువంటిదే కొని, వేసవిలో అక్కడే వదిలేసి, కారులోనో విమానంలోనో రాకపోకలు సాగించవచ్చు. అప్పుడు పెద్ద ఇంజను, దాని బీమా, మంచులో ఇంటర్‌స్టేట్ 40 రహదారి మీద ఫ్లాగ్‌స్టాఫ్ కొండలు దాటే భయం మూడూ తప్పుతాయి. సంతకం పెట్టేముందు మాత్రం వేసవి నెలలకు స్థలం అద్దె ఎంతో, అరిజోనా ఎండకు పైకప్పు అతుకులు ఎండిపోకుండా ఎవరు చూస్తారో, అమ్ముకోవలసి వస్తే ట్రైలరును అక్కడే ఉంచి అమ్మనిస్తారో లేదో ఒప్పందంలో చదివి తెలుసుకోవాలి.