పెద్దపేగు క్యాన్సర్‌లో సూక్ష్మజీవుల పాత్ర: అపోహలు – వాస్తవాలు

అంటువ్యాధుల వైద్యంలో శిక్షణ పొంది, పరిశోధనను మాత్రం పెద్దపేగు క్యాన్సర్ మీద సాగిస్తున్న నన్ను తోటి వైద్యులు సైతం ఈ రెండింటికీ పొంతన ఏమిటని అడుగుతుంటారు. ఆ ప్రశ్న వెనకున్న అపోహలతో పాటు రోగుల నోట తరచూ వినే కొన్నింటిని కూడా ఇక్కడ పరిశీలిస్తాను.

అపోహ: క్యాన్సర్‌తో అంటువ్యాధుల వైద్యుడికి పని లేదు.

వాస్తవం: విడవని జ్వరంతో చేరిన రోగి రక్తపు కల్చర్‌లో (రక్తంలోని సూక్ష్మజీవులను ల్యాబ్‌లో పెంచి చూసే పరీక్షలో) గుండె కవాటాలకు సోకగల స్ట్రెప్టోకాకస్ గాలోలైటికస్ అనే బ్యాక్టీరియా పెరిగిందని నివేదిక వస్తే, ఆ కవాటాలను చూసేందుకు ఎకో (గుండె స్కాన్)తో పాటు, పెద్దపేగు లోపలిని కెమెరా గొట్టంతో చూసే కొలనోస్కోపీ కూడా రాస్తాము. కడుపులో ఏ బాధా లేని మనిషికి అది వింతగానే తోస్తుంది. పూర్వం స్ట్రెప్టోకాకస్ బోవిస్ అని పిలిచిన ఈ కోవ బ్యాక్టీరియాకూ పెద్దపేగు క్యాన్సర్‌కూ సంబంధం ఉండవచ్చన్న పరిశీలన 1951లోనే అచ్చయింది. 1977 నాటి అధ్యయనం దానికి బలం చేకూర్చింది. కవాటానికి చికిత్స చేసి, పేగును చూడకుండా ఇంటికి పంపితే అది సగం వైద్యమే.

అపోహ: గడ్డలో బ్యాక్టీరియా దొరికింది కాబట్టి అదే కారణం, యాంటీబయాటిక్స్ వాడితే సరిపోతుంది.

వాస్తవం: మా రంగంలో అన్నిటికన్నా ఎక్కువ ఓపిక కోరేది ఈ అంశమే. నోటిలో, ముఖ్యంగా చిగుళ్ల వ్యాధిలో కనిపించే ఫ్యూసోబ్యాక్టీరియం న్యూక్లియేటమ్ పెద్దపేగు క్యాన్సర్ గడ్డల్లో అధికంగా ఉందని 2012లో అమెరికా, కెనడా బృందాలు విడివిడిగా చూపాయి. కాలేయానికి పాకిన గడ్డల్లోనూ అది ఉన్నట్టు 2017లో తేలింది. ఆ బ్యాక్టీరియా ఉన్న మనిషి గడ్డను అమర్చిన ఎలుకలకు మెట్రోనిడజోల్ అనే యాంటీబయాటిక్ ఇస్తే గడ్డ పెరుగుదల మందగించింది. వార్తగా మారేసరికి ఎలుకలు మాయమై మందు మాత్రం మిగులుతుంది. ఆక్సిజన్ తక్కువగా ఉండే గడ్డ లోపలి భాగం ఈ జీవికి అనువైన చోటు కనుక, అది క్యాన్సర్‌ను మొదలుపెట్టిందా, మొదలైనదాన్ని ఎగదోసిందా, లేక చోటు చూసుకొని తరవాత చేరిందా అన్నది విడిగా నిరూపించవలసిందే.

కారణమనే వాదనకు ఇంకొంత గట్టి ఆధారం పేగుల్లో ఉండే ఇ.కోలై బ్యాక్టీరియాలో కొన్ని రకాలు తయారుచేసే కోలిబాక్టిన్ దగ్గర దొరికింది. డీఎన్ఏను దెబ్బతీసే ఈ విషపదార్థం మిగిల్చే ప్రత్యేకమైన ఉత్పరివర్తనాలను (డీఎన్ఏలో వచ్చే మార్పులను) 2020లో ప్రయోగశాలలో పెంచిన పేగు కణాల్లో గుర్తించి, రోగుల గడ్డల్లోనూ చూశారు. 11 దేశాల నుంచి 981 గడ్డలను పరిశీలించి 2025లో వెలువరించిన అధ్యయనంలో, ఈ గుర్తులు 70 దాటిన రోగుల్లో కన్నా 40 ఏళ్లలోపు రోగుల్లో 3.3 రెట్లు ఎక్కువగా కనిపించాయి. అయినా, జీర్ణాశయంలో ఉండే హెలికోబాక్టర్ పైలోరీ అనే బ్యాక్టీరియాను నిర్మూలిస్తే జీర్ణాశయ క్యాన్సర్ ముప్పు తగ్గుతుందని మనుషుల మీదే రుజువైనట్టు, పెద్దపేగు విషయంలో ఇంకా రుజువు కాలేదు. పైగా అమెరికాలో నర్సులపై జరిగిన దీర్ఘకాలిక అధ్యయనంలో, యాంటీబయాటిక్స్ ఎక్కువకాలం వాడినవారిలోనే పేగు పాలిప్‌లు (లోపలి పొర మీద పెరిగే బుడిపెలు) ఎక్కువగా ఉన్నట్టు 2017లో తేలింది.

అపోహ: బయాప్సీ ముక్క తీయడమే ముఖ్యం, ఏ సీసాలో వేసినా ఒకటే.

వాస్తవం: ముక్కలన్నీ, కణజాలం చెడకుండా ఉంచే ఫార్మాలిన్ ద్రావణంలో వేస్తే అందులోని బ్యాక్టీరియా చచ్చిపోతుంది, ఇక కల్చర్ అన్న మాటే ఉండదు. క్షయ ఎక్కువగా ఉన్న మన దేశంలో ఇది చిన్న విషయం కాదు, ఎందుకంటే చిన్నపేగు పెద్దపేగుతో కలిసేచోట వచ్చే క్షయ స్కాన్‌లోనూ కొలనోస్కోపీలోనూ అచ్చం క్యాన్సర్‌లా కనిపించగలదు. అమీబా వల్ల ఏర్పడే గడ్డ కూడా అంతే. అందుకే కల్చర్ కోసం కొన్ని ముక్కలను సెలైన్‌లో విడిగా పంపమని ఎండోస్కోపీ గదిలోని సిస్టరుకు ముందే చెప్పి ఉంచుతాము. ఫ్యూసోబ్యాక్టీరియంను పెంచాలంటే ఇంకా హడావుడి, గాలి తగలని పద్ధతిలో ముక్కను వెంటనే ల్యాబ్‌కు చేర్చాలి. పరిశోధన అనగానే చాలామంది ఊహించుకునే సూక్ష్మదర్శిని కన్నా, ఈ సీసాలూ లేబుళ్లూ చూసుకోవడానికే నా పనివేళల్లో ఎక్కువ భాగం పోతుంది.

అపోహ: పెద్దపేగు క్యాన్సర్ అంటుకుంటుంది.

వాస్తవం: అంటుకోదు. రోగితో కలిసి తినవచ్చు, ఒకే మరుగుదొడ్డి వాడవచ్చు.

అపోహ: మలంలో రక్తం పడితే అవి మొలలే.

వాస్తవం: మొలలు కావచ్చు, జిగట విరేచనాలు కావచ్చు, క్యాన్సరూ కావచ్చు, పైకి చూసి తేల్చడం వైద్యుడికీ సాధ్యం కాదు. మొలలు ఉన్నంత మాత్రాన పైన గడ్డ లేదని కూడా కాదు. సాధారణంగా పాలిప్ క్యాన్సర్‌గా మారడానికి ఏళ్లు పడుతుంది, ఆ లోపు కొలనోస్కోపీలోనే దాన్ని తీసేయవచ్చు. అమెరికాలో లక్షణాలు లేనివారికి సైతం ఈ పరీక్షలను 45 ఏళ్ల నుంచే మొదలుపెట్టాలని 2021లో నిపుణుల మండలి సిఫారసు చేసింది. మన జాతీయ కార్యక్రమం కింద స్క్రీనింగ్ జరిగేది నోటి, రొమ్ము, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్లకే కనుక, రక్తం పడినా, మలవిసర్జన తీరు వారాల తరబడి మారినా, కారణం తెలియకుండా హిమోగ్లోబిన్ తగ్గుతున్నా, మందుల దుకాణంలో లేపనం కొనుక్కోవడానికి ముందే వైద్యుణ్ణి కలిసి, కొలనోస్కోపీ అవసరమా అని రోగే అడగాలి.